ఇంటర్వ్యూలో చెప్పిన పేరు

ఇంటర్వ్యూ కార్డు వచ్చిన రోజు మా అత్త పెరట్లో జీడిపిక్కలు కాలుస్తోంది. పిక్కలు కాలేటప్పుడు చమురు చిమ్ముతుంది, పొగ కళ్లలో పడితే ఒకటే మంట. పోస్టుమాన్ కేకేస్తే ఆమె పొయ్యి వదిలి లేవలేక నన్ను వెళ్లమంది. నేను కార్డు అరుగు మీదే చదువుకుని, పెరట్లోకి వచ్చి సంగతి చెప్పాను.

"ఏటే? ఈ సిటపటల్లో ఏటీ ఇనబడ్డం నేదు. గట్టిగా సెప్పు."

"టెలిఫోన్ ఆఫీసు నుంచి అత్తా. ఇంటర్వ్యూకి రమ్మన్నారు. విశాఖపట్నంలో."

చేతిలో కర్ర పక్కన పెట్టి అత్త నా మొహంలోకి చూసింది. "టెలిఫోనంటే, మాటాడే ఉజ్జోగమా?"

"ఊఁ."

"ఓలమ్మ! మాటాడే ఉజ్జోగానికి నిన్ను పిలిసేరా!"

అని నవ్వడం మొదలుపెట్టింది. పొగకు వచ్చిన నీళ్లు, నవ్వుకు వచ్చిన నీళ్లు కలిసి కొంగుతో తుడుచుకుంది. నాకూ నవ్వొచ్చింది.

నా గొంతు అంతే. బడిలో హాజరు పిలిచినప్పుడు నేను పలికినా మాస్టారికి వినపడక, నా పేరు దాటి వెళ్లిపోయిన రోజులున్నాయి. లైబ్రరీలో పుస్తకం కావాలంటే అడగకుండా బీరువా ముందు నిలబడేదాన్ని. లైబ్రేరియన్ గారే చూసి, జాలిపడి తాళం తీసేవారు. పైకి చెప్పుకోలేనిదంతా డైరీలో రాసుకునేదాన్ని. అక్కడ మాత్రం నేను ఒట్టి వాగుడుకాయని.

అలాంటిదాన్ని ఆపరేటర్ పోస్టుకు దరఖాస్తు పెట్టానంటే కారణం ఒక్కటే. మా ఆయన ఏజెన్సీలో బడిపంతులు. ఘాట్ రోడ్డెక్కి, లంబసింగి దాటి, బస్సు దిగి మళ్లీ నడిచి వెళ్లాలి ఆయన బడికి. శనివారం సాయంత్రం బస్సుకు నర్సీపట్నం దిగి, సోమవారం తెల్లారి బస్సుకు వెళ్లిపోయేవారు. పెళ్లయి రెండేళ్లు కాకుండానే ఆయనకు చలిజ్వరం ఇల్లు తెలిసిన చుట్టంలా అలవాటైపోయింది. ప్రతిసారీ ఒక పిడికెడు మనిషి తగ్గి కొండ దిగేవారు. బదిలీ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగితే, ఒక గుమాస్తా గారు చెవిలో వేశారట: "మీ ఆవిడకి ఊళ్లో గవర్నమెంటు ఉద్యోగం ఉందనుకోండి మాస్టారూ, భార్యాభర్తల్ని ఒకచోట వెయ్యమని అడగడానికి మనకొక దారుంటుంది."

ఆ మాట పట్టుకుని నేను కనపడిన పోస్టుకల్లా దరఖాస్తు పెట్టాను. పిలుపు వచ్చింది దీనికొక్కదానికే.

అత్త నవ్వు ఆ పూటతో సరి. మర్నాటి నుంచి ఆమెకు నా గొంతే పని. తను పెరట్లో నూతి దగ్గర నిలబడేది. నన్ను వీధరుగు మీద నిలబెట్టేది. మధ్యలో ఇల్లంతా అడ్డం. అక్కణ్ణుంచి నేనేదైనా చెబితే ఆమె తిరిగి అప్పగించాలి. మొదట రాష్ట్రాల రాజధానులు చెప్పాను. రెండు ఊళ్లకే ఆమెకు విసుగొచ్చింది.

"ఆ ఊళ్లతో నాకేటి పనే? ఇయ్యేళ కూరేటి సెయ్యాలో అరిసి సెప్పు."

"వంకాయ!"

"ఇనబడ్డం నేదు!"

"వంకాయ! బీరకాయ!"

పక్కింటి పిన్నిగారు తలుపు తీసుకుని బయటికొచ్చింది. "ఏటమ్మా, కూరల బేరం ఎట్టేరేటి?" సంగతి తెలిశాక ఆవిడ వదల్లేదు. "నువ్వా! ఫోన్లోనా! మాట రాకపోతే ఏటి సేస్తావు, ముగ్గేసి సూపిస్తావా?" నేను సిగ్గుపడి లోపలికి పరిగెత్తాను. అత్త మాత్రం నూతి దగ్గర్నుంచే జవాబిచ్చింది. "మా కోడలు ఫోనెత్తితే నువ్వు గుమ్మంలో కూకుని ఇందువుగాన్లే."

సాయంత్రాలు లైబ్రరీ నవలలు బయటికి చదివించేది. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది. నేను చదవడమంటే కళ్లతో చదవడమే అలవాటైనదాన్ని. కథలో కష్టం వచ్చేసరికి నా గొంతు దానంతటదే అణిగిపోయేది.

"అసలు ఏడుపు కాడికొచ్చేసరికి నీ గొంతు ఎక్కడికి పోతాదే? ఆ పిల్లకి ఏటయ్యిందో గట్టిగా సదువు!" అని చాట పక్కన పెట్టి కసిరేది.

ఆదివారం ఆయన వంతు. ముందు గదిలో కుర్చీ వేసుకుని, తువ్వాలు భుజం మీంచి తీసేసి ఆఫీసరైపోయేవారు. నేను గుమ్మం బయట నిలబడి లోపలికి రావచ్చా అని అడగాలి. రమ్మంటే రావాలి, కూర్చోమంటేనే కూర్చోవాలి, కొంగు చివర వేలికి చుట్టుకోకూడదు, నేల చూపులు చూడకూడదు. అన్నిటికన్నా కష్టం కూర్చోవడం. అత్త ఉండగా ఆయనకెదురుగా కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదు. కుర్చీ వెనక పట్టుకుని నిలబడిపోయాను.

"కూకోయే," అంది అత్త వంటింటి గుమ్మంలోంచి. "ఆడిప్పుడు నీ మొగుడు కాదు, ఆపీసరు."

కూర్చున్నాను. కుర్చీ అంచు మీద, పిట్ట వాలినట్టు.

"చెప్పండి. ఈ ఉద్యోగం మీకెందుకు కావాలి?"

ఆయన నన్ను 'మీరు' అనడం అదే మొదలు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వు ఆపుకుంటూ ఉన్న నిజం చెప్పేశాను. "మిమ్మల్ని కొండ దింపుకోడానికి."

ఆయన ఆఫీసరు మొహం కాసేపు ఎటో పోయింది. కిటికీలోంచి బయటికి చూశారు. "అది లోపల పెట్టుకో," అన్నారు చివరికి. "బయటికి మాత్రం, ప్రజలకి పనికొచ్చే ఉద్యోగం కాబట్టి అని చెప్పు."

"ఇల్లు కాలిపోతోందని ఎవరైనా ఏడుస్తూ ఫోన్ చేస్తే ఏం చేస్తారు?" అని మళ్లీ ఆఫీసరయ్యారు.

"ముందు ఏ ఊరో, ఏ వీధో అడుగుతానండి."

"ఆళ్లతో పాటు ఇదీ ఏడుస్తాది," అంది అత్త.

అలా పేరు, చదువు, పుట్టిన ఊరు, తండ్రి పేరు, జిల్లాలో నదులు, అన్నీ అయ్యాయి. ప్రశ్నలడిగేది ఆయనే కాబట్టి ఒక్క ప్రశ్న మాత్రం మా ఇద్దరికీ తట్టనే లేదు.

ఇంటర్వ్యూ నాడు పొద్దున్నే విశాఖ బస్సెక్కాం. ఆయన బడికి సెలవు పెట్టి వచ్చారు. అత్త నాకు ఇస్త్రీ చీర కట్టించి, నుదుట బొట్టు తనే దిద్ది, "బేగి ఎల్లండి, బస్సు పోతాది," అని తరిమింది. దారంతా ఆయన నదుల పేర్లు అడుగుతూనే ఉన్నారు. అనకాపల్లి దాటాక నేనే వద్దన్నాను.

పాతకాలం మేడ అది. పొడుగాటి వరండా, దాని నిండా బల్లలు. నాతోపాటు వచ్చిన అమ్మాయిల్లో చాలామంది పట్నం వాళ్లు. చేతిసంచులు ఊపుకుంటూ ఇంగ్లీషులో గలగలా మాట్లాడుకుంటున్నారు. వాళ్ల గొంతులు వింటుంటే, నేనిక్కడికి ఎందుకొచ్చానా అనిపించింది. ఆయన వరండా చివర బల్ల మీద కూర్చుని, నా వైపు చూసినప్పుడల్లా, తల పైకెత్తుకో అన్నట్టు గడ్డం కాస్త ఎత్తి చూపేవారు.

లోపల ఒక పెద్ద ఆఫీసరు గారు, పక్కన సూపర్‌వైజరు గారు. ఆవిడ నడివయసు మనిషి. ప్రశ్నలు ఇంట్లో మా ఆయన అడిగినట్టే అడిగారు. కూర్చోమనేదాకా నిలబడ్డాను, కొంగు జోలికి పోలేదు. జవాబులన్నీ తెలుసు. కానీ నేను మాట్లాడుతున్నంతసేపూ ఆఫీసరు గారు మెల్లగా ముందుకు వంగుతూ, చివరికి బల్ల మీదకు వచ్చేశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "జవాబులు బాగున్నాయమ్మా. అవి మా దాకా రావడమే కష్టంగా ఉంది," అన్నారు. సూపర్‌వైజరు గారు నవ్వారు. నవ్వులో ఎగతాళి లేదు.

తరవాత గొంతు పరీక్ష. చెక్క తడికతో వేరు చేసిన చిన్న గదిలో ఒక టెలిఫోన్. ఉక్కగా ఉందని వరండా వైపు తలుపు తీసే ఉంచారు. సూపర్‌వైజరు గారు రిసీవర్ నా చేతికిచ్చి, ఎలా పట్టుకోవాలో చూపించి చెప్పారు. "పక్క గదిలో సారు వింటారు. మీ పేరు, ఊరు, మీవారి పేరు చెప్పండి. విని ఆయన కాయితం మీద రాసుకుంటారు. సరిగ్గా రాసుకోగలిగితే మీరు గట్టెక్కినట్టే."

నా పేరు చెప్పాను. నర్సీపట్నం అన్నాను. అక్కడ ఆగిపోయాను.

మా ఇళ్లల్లో ఆడవాళ్లు మొగుడి పేరు నోట పలకరు. పలికితే ఆయుష్షు తగ్గుతుందంటారు. మా మావగారు నేను కాపురానికి రాకముందే పోయారు. ఆయనది ఒక దేవుడి పేరు. అత్త ఆ దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు కూడా పేరు దాటేసి 'కొండమీది సామీ' అనేది. ఎవరూ చదవని నా డైరీలో కూడా నేను మావారిని 'ఆయన' అనే రాసుకునేదాన్ని. ఆయన పేరు నేను చూశాను, విన్నాను. నా నోటి మీదుగా మాత్రం అది ఎప్పుడూ పోలేదు.

"హలో? లైన్లో ఉన్నారా?" ఆఫీసరు గారి గొంతు చెవిలో.

"ఉన్నానండి."

"మీవారి పేరు చెప్పండి."

నేను సూపర్‌వైజరు గారి వైపు చూసి, రాసి ఇవ్వనా అన్నట్టు వేళ్లు కదిపాను. ఆవిడకు వెంటనే అర్థమైంది. నా దగ్గరకు వచ్చి, చెవి దగ్గర మెల్లగా అన్నారు. "రాసిచ్చేదానికి టెలిఫోన్ ఎందుకమ్మా? నేనూ ఒకప్పుడు ఇలాగే నిలబడ్డాను. చెప్పెయ్యండి. మావారు నిక్షేపంగా ఉన్నారు."

పేరు చెప్పాను. నాకే వినపడలేదు.

"వినపడలేదమ్మా."

రెండోసారి చెప్పాను. సగం వినపడిందట.

"వానొస్తోంది, లైను గరగరమంటోంది అనుకోండి. అవతలివాళ్లకి అత్యవసరం. ఇప్పుడు చెప్పండి."

అత్యవసరం అనగానే నాకు కొండ మీద ఆయన గది కళ్లముందుకొచ్చింది. రెండు దుప్పట్ల కింద వణుకుతూ, మంచినీళ్లివ్వడానికి కూడా మనిషి లేకుండా. కళ్లు మూసుకున్నాను. నూతి దాకా వినపడాల్సిన గొంతంతా కూడదీసుకుని ఆయన పేరు, ఇంటిపేరుతో సహా, పలికాను.

వరండాలో బల్ల కిర్రుమంది. గబగబా అడుగులు వినపడ్డాయి. గుమ్మం బయట చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని మా ఆయన ప్రత్యక్షమయ్యారు.

"నన్ను పిలిచారా అండీ?" అని సూపర్‌వైజరు గారిని అడిగారు.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆయన గది చుట్టూ చూశారు, నన్ను చూశారు, నా చేతిలో రిసీవర్ చూశారు. మెల్లగా సంగతి బోధపడింది. చెవుల దాకా ఎర్రబడ్డారు. నేను గోడవైపు తిరిగిపోయాను. అవతల ఆఫీసరు గారు పగలబడి నవ్వడం ఒక చెవికి ఫోన్లోంచి, రెండో చెవికి తడికలోంచి వినపడుతోంది.

"చాలమ్మా, చాలు," అన్నారు నవ్వు ఆగాక. "ఫోన్లోనూ వినపడింది, ఫోను లేకుండానూ వినపడింది. ఇందాక ఈవిడ చెప్పిన మాస్టారు మీరేనా? ఏ ఊళ్లో?"

ఆయన ఊరు పేరు చెప్పారు. ఆఫీసరు గారు "అంత పైనా?" అన్నారు.

తిరుగు బస్సెక్కాం. అనకాపల్లిలో బస్సాగితే ఆయన దిగి నాకు చెరుకురసం తెచ్చారు. గ్లాసు ఖాళీ చేశాక అడిగాను. "నా గొంతు పోల్చుకోలేదా మీరు?"

"ఎలా పోల్చుకుంటాను? నువ్వెప్పుడు పిలిచావు కనక?" ఖాళీ గ్లాసు అందుకుంటూ అన్నారు. "ఎవరో నన్ను బాగా ఎరిగున్నావిడ పిలిచిందనుకున్నాను."

బస్సు కదిలాక, కిటికీ వైపు చూస్తూ, "ఇంకోసారి అనవూ?" అన్నారు.

"బస్సులోనా!" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. దిగేముందు మాత్రం "అమ్మతో చెప్పకు," అన్నారు.

చెప్పలేదు. ఏమడిగారే అని అత్త అడిగితే, నదులు అడిగారన్నాను.

సోమవారం కొండెక్కిన మనిషి మూడోనాటికల్లా జీపులో దిగారు. జ్వరం. ఇద్దరు పట్టుకుని నడిపించుకొచ్చారు. మంచం మీద ఆయన వణుకుతుంటే మంచమే వణికింది. నేను చదువుకున్నదాన్ని. దోమకాటు వల్ల వచ్చే జ్వరమని తెలుసు. అది ఎన్నో రోజుల కిందట కుట్టిన దోమ పనేనని కూడా తెలుసు. అయినా తడిగుడ్డ ఆయన నుదుట వేస్తున్నప్పుడల్లా, నేను ఆ గదిలో ఎంత గట్టిగా అరిచానో అదే నా చెవుల్లో మోగేది. ఒకసారి చాలలేదా, మూడుసార్లు అనాలా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఆ రోజుల్లో డైరీ ముట్టుకోలేదు. రాస్తే ఏం బయటపడుతుందోనని భయం.

"ఏటే అలగైపోనావు?" అంది అత్త, మాత్ర మింగించడానికి ఆయన తల పైకెత్తి పట్టుకుని. "ఆడికన్నా నువ్వే ఎక్కువ వొణుకుతున్నావు. నీళ్లిలా తే."

చెమట పట్టి జ్వరం దిగిన పొద్దున ఆయన గంజి తాగి, "నదులు మళ్లీ ఒకసారి అప్పగించు," అన్నారు నీరసంగా. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఉద్యోగం వచ్చింది. ఎక్కువ మార్కులొచ్చినవాళ్లు ఎందరో ఉండగా నాకెలా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు. ట్రైనింగ్ అయ్యాక మా ఊరి ఎక్స్ఛేంజిలోనే వేశారు. హెడ్‌సెట్ తగిలించుకుని 'నంబర్ ప్లీజ్' అన్న మొదటి రోజు నా గొంతు వణికింది. అవతలి మనిషి బెల్లం మార్కెట్ వర్తకుడు. ఆయనకు నా వణుకుతో పని లేదు, అనకాపల్లి కావాలంతే. అది నాకెంతో నచ్చింది. మనిషి ఎదురుగా లేకపోతే మాట్లాడటం డైరీ రాసుకున్నంత సుళువని అప్పుడు తెలిసింది.

ఆయన బదిలీ కాయితాలు తిరిగి తిరిగి, మరుసటి ఏడు బడులు తెరిచేసరికి తేలాయి. రోలుగుంట దగ్గర బడి, సైకిలు మీద వెళ్లి వచ్చేంత దూరం. రేకుపెట్టె, పరుపుచుట్ట మోసుకుని ఆయన కొండ దిగిన రోజు అత్త చేపల పులుసు వండింది. ఆయన రెండోసారి అన్నం కలుపుకుంటూ, సంతోషం పట్టలేక, ఆ రోజు సంగతంతా బయటపెట్టేశారు. నేను మూడుసార్లు పేరు చెప్పాల్సొచ్చిన దగ్గర్నుంచి, తను బల్ల మీంచి లేచి 'పిలిచారా అండీ' అన్న దాకా, నటించి చూపించారు. నేను వద్దు వద్దని సైగలు చేస్తూనే ఉన్నాను.

అత్త ముందు పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, గరిటె పులుసు గిన్నెలో వదిలేసి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"మూడుసార్లు అన్నావా?" అని నన్నడిగింది.

నేను తల వంచుకున్నాను. "తప్పనిసరైంది అత్తా. రాసిస్తానన్నాను, కుదరదన్నారు."

"ఆ జొరమప్పుడు అందుకేటే అలగున్నావు?"

నేను తలూపాను. ఆయన చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది. ఆ సంగతి ఆయనకూ అప్పుడే తెలిసింది.

అత్త చాలాసేపు గోడ మీద మావగారి ఫొటో వైపు చూసింది. తరవాత నా పళ్లెంలో ఒక చేప ముక్క వేసి, మామూలుగా, కూర సంగతి చెప్పినట్టే చెప్పింది.

"నానేనాడూ అన్నేదే ఆ పేరు. పెళ్లినాడు అనమంటే కూడా అన్నేదు. అందరూ ఎంత అల్లరెట్టినా అన్నేదు. అయినా ఎల్లిపోనాడు కదా."

ఆయన తల దించుకుని అన్నం తిన్నారు. నేను కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేశాను. అత్తే మళ్లీ అంది. "తిను. తినీసి, ఆణ్ణి పేరెట్టే పిలు. ఏటీ అవదు. నాను సెప్తున్నాను."

భోజనాలయ్యాక ఆయన నూతి దగ్గరకు వెళ్లారు. నాకు ఆ రోజు రెండో షిఫ్టు డ్యూటీ, ఎక్స్ఛేంజి దాకా సైకిలు మీద దింపుతానన్నారు. ఆలస్యమవుతోంది. అత్త వంటింట్లోంచి నా వైపే చూస్తోంది. నేను పెరటి గుమ్మంలో నిలబడ్డాను. పేరు నాలిక చివరిదాకా వచ్చింది. ఆయన కూడా చేతులు కడుక్కోవడం మానేసి, వీపు నావైపే ఉంచి, ఎదురుచూస్తున్నారు.

"ఏమండీ," అన్నాను. "టైమైంది."